పాలసీ మెయిల్ రాగానే కంట్రోల్ ఎఫ్

(బెంగళూరు మారతహళ్లి దగ్గర ఒక అపార్ట్‌మెంట్ క్లబ్‌హౌస్‌లో, ఆదివారం సాయంత్రం మన తెలుగువాళ్ళు కలిసినప్పుడు మాట్లాడింది. ఫోన్ రికార్డింగ్ విని ఉన్నదున్నట్టు టైప్ చేశాం. మైకు గీ పెట్టిన చోట రెండు మూడు ముక్కలు పోయాయి.)

వినపడతా ఉందా వెనక? ఆ, సరే. ముందే చెప్తున్నా, నేను హెచ్‌ఆర్ కాదు. ఈ మధ్య పాలసీ అనే మాట ఎత్తితే చాలు జనం నన్ను అదో రకంగా చూస్తున్నారు, అందుకని చెప్పుకోవాల్సి వస్తోంది. మాది మదనపల్లె. 2006లో బెంగళూరు వచ్చా, కొన్నేళ్ళు కోడు రాసుకుంటా, ఆ తర్వాత కోడు రాసేవాళ్ళ చేత తిట్లు తింటా ఇక్కడే ఉండిపోయా. (నవ్వులు) మూడు కంపెనీలు మారా. పేర్లు చెప్పను, మీలో కొందరు ఇంకా అక్కడే జీతం తీసుకుంటున్నారు.

నన్ను మాట్లాడమన్న విషయం ఏందంటే, కంపెనీ ఏదో పాలసీ మార్చింది, అది మంచిదా కాదా అని మనం ఎట్లా తేల్చాల, మనకి తగిలిన దెబ్బని బట్టి తేల్చాలా, మనల్ని పక్కన పెట్టేసి తేల్చాలా అని. దానికి ముందు ఒక మాట ఒప్పుకోండి. పాలసీ మెయిల్ రాగానే మనం చేసే మొదటి పని ఏంది? పీడీఎఫ్ తెరుస్తాం. కంట్రోల్ ఎఫ్ నొక్కి వెతుకులాట మొదలుపెడతాం. మన గ్రేడ్, అంటే కంపెనీలో మన మెట్టు ఏదో అది, కొడతాం. ఆ ఒక్క లైన్ చదివి, టీమ్ వాట్సాప్ గ్రూప్‌లోకి పోయి "దారుణం" అనో "పర్లేదు" అనో పడేస్తాం. మిగతా పేజీలు మొత్తం చదివినవాళ్ళు చెయ్యెత్తండి. ఒక్కరా? అమ్మా, మీరు హెచ్‌ఆరా? (నవ్వులు) చూశారా, నేనేం జ్యోతిష్యం చెప్పలేదు.

ఇప్పుడు నా కథ చెప్తా. నా పరువు పోయే కథే, కానీ ఇంతకంటే మంచి ఉదాహరణ నా దగ్గర లేదు.

అప్పుడు నేను హూడీలో ఉండేవాణ్ణి, ఆఫీసు బెళ్ళందూరు పక్కన, రింగ్ రోడ్ మీద. ఆఫీసు క్యాబ్‌లో ఫస్ట్ పికప్ నాదే. ఫస్ట్ పికప్ అంటే తెలుసు కదా, అందరికంటే ముందు లేవాల, అందరికంటే ఎక్కువ సేపు కూర్చోవాల. హూడీ నుంచి బయల్దేరి మహదేవపుర, అక్కణ్ణించి కగ్గదాసపుర సందుల్లోకి పోవడం, అక్కడ రైల్వే గేటు పడిందంటే డ్రైవర్ బండి ఆపేసి దిగి బీడీ కాల్చుకునేవాడు, ఆ గేటు ముందు నేను జావా పుస్తకాలు రెండు పూర్తి చేశా, అబద్ధం కాదు. అట్లాంటి రోజుల్లో కంపెనీ పాలసీ మార్చింది. ఇంక ఇంటి ముందుకి క్యాబ్ రాదు, మెయిన్ రోడ్డు మీద నోడల్ పాయింట్లు పెడతాం, మీరే నడిచి రండి అన్నారు. రాత్రి 8 నుంచి పొద్దున 6 లోపల పికప్ ఉండే ఆడవాళ్ళకి మాత్రం ఇంటి దగ్గరికే వస్తుంది అని ఒక మినహాయింపు రాశారు.

నాకు పండగ. మా ఇంటికి మెయిన్ రోడ్డు రెండొందల అడుగులు. పికప్ టైము నలభై నిమిషాలు లేటుగా మారింది, అంతసేపు ఎక్కువ పడుకోవచ్చు. కానీ టౌన్ హాల్‌లో, అదే కంపెనీ అందరినీ కూర్చోబెట్టే మీటింగ్‌లో, గోల మొదలైంది, జనం లేచి తిట్టడం మొదలుపెట్టారు. అప్పుడు నేను లేచా. లేచి, ఇట్లా భావోద్వేగంతో మాట్లాడకూడదు, డేటా చూడాలి అన్నాను. ట్రాన్స్‌పోర్ట్ డెస్క్‌లో ఫ్రెండు దగ్గర లెక్కలు ముందే తీసుకుని పోయా లెండి. రోజుకి ఇన్ని కిలోమీటర్లు తగ్గుతాయి, ఇంత డీజిల్ మిగులుతుంది, తలకి సగటున ఇరవై రెండు నిమిషాలు కలిసొస్తుంది అని చెప్పా. చప్పట్లు కొట్టారు. మేనేజర్లు కొట్టారు లెండి, అది వేరే సంగతి. ఆ రోజు నేను నన్ను నేను చాలా నిష్పక్షపాతమైన మనిషి అనుకున్నా. ఆ సగటులో నా నలభై నిమిషాలు కూడా కూర్చుని ఉన్నాయని అప్పుడు తట్టలేదు. తట్టలేదు అనడం కూడా కాస్త అబద్ధమే. తట్టినా పట్టించుకోలేదు.

మా టీమ్‌లో ఒక టెస్టర్ అమ్మాయి ఉండేది, రాజమండ్రి వైపు వాళ్ళు. కగ్గదాసపుర లోపల, అట్లా లోపలికి లోపలికి పోతే చివర్లో ఇల్లు. పొద్దున షిఫ్ట్. ఆమె పికప్ 6.10. అర్థమైందా? ఆరు లోపల అయితే ఇంటి ముందుకి వస్తుంది. పది నిమిషాలు దాటింది కాబట్టి నడవాల. నేనేమో ఇవేవీ ఎరగను. రెండు నెలల తర్వాత ఒక రోజు ఆమె సీటు దగ్గరికి పోతే బ్యాగు జిప్పు తెరిచి ఉంది, లోపల పార్లే జీ బిస్కెట్ ప్యాకెట్లు, ఐదు రూపాయలవి, ఆరేడు ఉన్నాయి. ఏందమ్మా టిఫిన్ తినడం మానేసి బిస్కెట్ల మీద పడ్డావా అన్నాను. "నాకు కాదన్నా, కుక్కలకి" అంది. మామూలుగా అంది, కంప్లైంట్ లాగా కూడా అనలేదు. చలికాలం ఆ టైముకి ఇంకా చీకటే, సందు మొదట్లో కుక్కలు, మటన్ షాపు దగ్గర ఇంకో గుంపు, బిస్కెట్లు విసిరి అవి తినేలోపల దాటిపోతుందంట.

నా ఇరవై రెండు నిమిషాల సగటులో ఆ బిస్కెట్లు ఎక్కడున్నాయి?

సరే, ఇక్కడ ఆపి ఒక పరిశోధన గురించి చెప్తా, ఎందుకంటే నేనొక్కణ్ణే ఇట్లాంటి వెధవని కాదని తెలిశాక నాకు కాస్త ఊరట కలిగింది. 1995లో అమెరికాలో లిండా బాబ్‌కాక్, జార్జ్ లోవెన్‌స్టీన్, ఇంకో ఇద్దరు కలిసి అచ్చేసింది. టెక్సాస్‌లో ఒక యాక్సిడెంట్ కేసు, మోటార్ సైకిల్ మీద పోయేవాణ్ణి కారు గుద్దింది, వాడు లక్ష డాలర్లకి దావా వేశాడు. ఆ కేసు కాగితాలు ఇద్దరిద్దరికి ఇచ్చి, నువ్వు గుద్దించుకున్నవాడి వైపు, నువ్వు గుద్దినవాడి వైపు, మీరు బేరమాడుకుని తేల్చుకోండి, దానికి ముందు జడ్జి ఎంత ఇచ్చి ఉంటాడో అంచనా వేసి రాయండి, సరిగ్గా చెప్తే బహుమతి డబ్బులు కూడా ఇస్తాం అన్నారు. ఇద్దరూ చదివింది అవే కాగితాలు. అయినా గుద్దించుకున్నవాడి వైపు వాళ్ళు వేసిన అంచనా అవతలి వాళ్ళ కంటే వేల డాలర్లు ఎక్కువ ఉంది. ఇంతవరకు మనకి ఆశ్చర్యం లేదు, "తా వలచింది రంభ" అని మనవాళ్ళు ఎప్పుడో అనేశారు.

అసలు రుచి తర్వాత ఉంది. కొంతమందికి నువ్వు ఏ వైపో ముందు చెప్పలేదు. కాగితాలు మొత్తం చదవనిచ్చి, అంచనా రాయించుకుని, అప్పుడు చెప్పారు. వాళ్ళలో 94 శాతం జతలు గొడవ లేకుండా రాజీకి వచ్చేశాయి. ముందే వైపు తెలిసినవాళ్ళలో 72 శాతమే. అంటే తేడా ఎక్కడ వచ్చింది? చదివేటప్పుడే వచ్చింది. మన వైపు ఏదో తెలిశాక చదివితే, మనకి అనుకూలంగా ఉన్న లైన్లే కంటికి ఆనుతాయి, మిగతావి జారిపోతాయి, ఆ తర్వాత ఎంత నిజాయితీగా ఆలోచించినా లాభం లేదు, బుర్రలో ఉన్న సరుకే ఒకవైపుది కదా. అందుకే కంట్రోల్ ఎఫ్ గురించి అడిగింది. మనం మొదటి సెకండ్‌లోనే మన వైపు ఏదో వెతుక్కుని, ఆ తర్వాత చదువుతున్నాం.

ఇంకో నవ్వొచ్చే సంగతి. ఆ పరిశోధకులే తర్వాత ఇంకోసారి చూశారు, "మీకు ఇట్లాంటి పక్షపాతం ఉంటుంది జాగ్రత్త" అని ముందే పాఠం చెప్తే తగ్గుతుందేమో అని. తగ్గలేదు. అవతలివాడికి ఉంటుందిలే అనుకున్నారు. అంటే ఇప్పుడు నేను మాట్లాడేది విని మీలో ఎవరూ మారరు, శాస్త్రీయంగా రుజువైంది, ఇంటికి పోవచ్చు. (నవ్వులు) పనిచేసింది ఒకటే. నీ కేసులో బలహీనతలేంటో నువ్వే కాగితం మీద రాయి అంటే, అప్పుడు కాస్త దిగొచ్చారు. నేను ఇంట్లో ఏం చేస్తానంటే, పాలసీ పీడీఎఫ్ మా ఆవిడకి ఇస్తా, ఆమె స్కూల్ టీచరు, మా గ్రేడ్ల గొడవ తెలీదు. చదివి ఇది సబబుగా ఉందా చెప్పు అంటా. "మీ గ్రేడ్ ఏది?" అంటుంది. చెప్పను. చెప్పలేదంటే మాకు నష్టం వచ్చేదే అయి ఉంటుంది అని ఆమె కనిపెట్టేస్తుంది, అది వేరే సమస్య.

ఇప్పుడు టమాటా సంగతి. మదనపల్లె వాడు మైకు పట్టుకుంటే టమాటా రాకుండా ఉండదు. 2023 జులై గుర్తుందా, కిలో నూట యాభై దాటి పోయింది. మా నాయనకి ఆ ఏడు రెండెకరాల్లో తోట ఉంది. ఆదివారం ఫోన్ చేసి "ఒరే, రేటు బాగుంది, దేవుడు ఇన్నాళ్ళకి కళ్ళు తెరిచినాడు" అంటా ఉంటే, ఇటుపక్క మా ఆవిడ కూరగాయల సంచి నేల మీద పెట్టి "అన్యాయం, దోపిడీ" అంటోంది. నేను ఫోన్‌లో ఊ కొట్టా, ఫోన్ పక్కకి పెట్టి ఇటు కూడా ఊ కొట్టా. రెండు ఊలూ మనస్ఫూర్తిగానే కొట్టా! ధర ఒకటే, ఇల్లు ఒకటే. మరుసటి ఏడు అదే తోటలో రేటు లేక కోత కూలి కూడా గిట్టదని కాయలు వదిలేస్తే, ఆ వారం మా వంటింట్లో ఎవరూ అన్యాయం అనలేదు. ఇరవై రూపాయలకి రెండు కిలోలు వచ్చాయని చట్నీ చేశారు. నేను రెండు పూటలా తిన్నా.

నాకు అందులోంచి అర్థమైంది ఇదీ. నష్టం వచ్చినప్పుడు మనం న్యాయం గురించి మాట్లాడతాం. లాభం వచ్చినప్పుడు న్యాయం అనే మాటే గుర్తుకు రాదు. కాబట్టి ఎవరైనా నేను పాలసీలని ఆబ్జెక్టివ్‌గా చూస్తానండీ అంటే నేను ఒకటే అడుగుతా. నీకు కలిసొచ్చిన పాలసీని ఎప్పుడన్నా తప్పు అన్నావా? ఒక్కసారి? నేను చాలా ఏళ్ళు అనలేదు.

జీతాల దగ్గర ఇది ఇంకా తమాషాగా ఉంటుంది. కానెమన్, నెట్ష్, థేలర్ అని ముగ్గురు, అందులో ఇద్దరికి తర్వాత నోబెల్ వచ్చింది, కెనడాలో ఫోన్లు చేసి జనాన్ని అడిగారు, 1986లో అచ్చేశారు. కంపెనీకి లాభాలు తక్కువ, ఆ ఊళ్ళో నిరుద్యోగం ఉంది, ధరలు పెరగడం లేదు, కంపెనీ జీతాలు 7 శాతం తగ్గించింది, న్యాయమా? 62 శాతం మంది అన్యాయం అన్నారు. ఇంకొందరికి అదే కథ చెప్పి, ధరలు మాత్రం 12 శాతం పెరుగుతున్నాయి, కంపెనీ 5 శాతం హైక్ ఇచ్చింది, న్యాయమా? 78 శాతం మంది పర్లేదు అన్నారు. రెండిట్లోనూ జేబుకి పడ్డ చిల్లు దాదాపు ఒకటే, ఏడు శాతం అటూ ఇటూ. ఒకదాంట్లో స్లిప్ మీద అంకె తగ్గింది, ఇంకోదాంట్లో పెరిగింది, అంతే. మన దగ్గర నాలుగు శాతం హైక్ లెటర్ వచ్చిన రోజు కేక్ కట్ చేస్తారు, అదే నెల ఓనరు అద్దె పది శాతం పెంచుతాడు, "స్వల్ప అడ్జస్ట్ మాడి" అంటాడు, కొంచెం సర్దుకోండి అని కన్నడంలో, తిట్లన్నీ ఓనరుకి పోతాయి. కంపెనీలకి ఈ సంగతి మనకంటే బాగా తెలుసు. ఎవరూ జీతం కోయరు. వేరియబుల్ పే, అంటే వస్తే వస్తుంది లేకపోతే లేదు అనే ముక్క అంటారు, జీతం రీస్ట్రక్చర్ అంటారు.

రీస్ట్రక్చర్ అంటే గుర్తొచ్చింది, కొత్త లేబర్ కోడ్లు, అదే కార్మిక చట్టాలు. 2025 నవంబర్ 21 నుంచి అమల్లోకి వచ్చాయి కదా, అందులో వేతనం అంటే ఏంటో కొత్తగా రాశారు, బేసిక్ అంటే మూల జీతం, డీఏ అంటే కరువు భత్యం, ఈ రెండూ కలిపి మొత్తంలో సగానికి తగ్గకూడదు, అలవెన్సులు సగం దాటితే దాటింది కూడా వేతనంలోకే లెక్క. మా ఆఫీసులో దీని మీద రెండు వారాలు క్యాంటీన్‌లో యుద్ధం జరిగింది. లెక్క చూద్దాం. నెలకి సీటీసీ, అంటే కంపెనీకి మన మీద అయ్యే మొత్తం ఖర్చు, లక్ష, బేసిక్ ఇప్పటిదాకా 35,000 అనుకోండి. పీఎఫ్ 12 శాతం అంటే 4,200. బేసిక్ 50,000 అయితే 6,000. మన వైపు 1,800 ఎక్కువ కోత, కంపెనీ వాటా కూడా సీటీసీలోంచే తీస్తారు కాబట్టి అదింకో 1,800. టేక్ హోమ్, అంటే చేతికొచ్చేది, 3,600 తగ్గింది. అవే 3,600 పీఎఫ్ ఖాతాలో పడ్డాయి. ఐదేళ్ళకి గ్రాట్యుటీ, అంటే ఉద్యోగం వదిలేటప్పుడు ఇచ్చే డబ్బు, చూస్తే, ఏడాదికి పదిహేను రోజుల లెక్కన, అప్పట్లో సుమారు 1,01,000 వచ్చేది ఇప్పుడు 1,44,000 పైన వస్తుంది. ఒక మాట, పీఎఫ్‌ని చట్టం చెప్పిన 15,000 పరిమితి మీదే, అంటే నెలకి 1,800 మాత్రమే కట్టే కంపెనీల్లో ఉన్నవాళ్ళకి ఈ పీఎఫ్ కోత పెరగనక్కర్లేదు, లేబర్ మినిస్ట్రీ కూడా అదే చెప్పింది. మీది ఏదో స్లిప్ తీసి చూసుకోండి, ఇప్పుడొద్దు, ఇంటికెళ్ళాక.

ఇప్పుడు ఇది మంచిదా చెడ్డదా? మా టీమ్‌లో ఒంగోలు కుర్రాడు ఒకడున్నాడు, ఎడ్యుకేషన్ లోన్ ఈఎంఐ, ఇంటికి పంపించే డబ్బు, పీజీ అద్దె పోగా నెలాఖరుకి వాడి దగ్గర మిగిలేదే నాలుగు వేలు. వాడికి అరవై ఏళ్ళప్పుడు వచ్చే డబ్బు గురించి నేను క్లాసు పీకితే ఎట్లా ఉంటుంది? నా వయసు వాడికి ఇది బంగారం, బలవంతంగా పొదుపు. నేను వాడితో అన్నాను, రూలు తప్పు అనకు నాయనా, నాకు ఇప్పుడు కుదరదు అను. రూలు తప్పు అంటే నువ్వు నాతో వాదించాల, నేను ఓడిస్తా. నాకు ఈ ఏడు నెలకి 3,600 పోతే ఈఎంఐ తప్పుతుంది అంటే ఎవడు ఓడించగలడు? వాడు అదే రాశాడు, కంపెనీ ఒక ఏడాది పాటు ఏదైనా సర్దుబాటు చేస్తుందా అని అడిగాడు. ఇంకా జవాబు రాలేదు, నేనేం అద్భుతం జరిగిందని చెప్పడం లేదు.

బిస్కెట్ల అమ్మాయి కథ మాత్రం మిగిలి ఉంది. టౌన్ హాల్‌లో అంత బాగా మాట్లాడినందుకు నన్ను ఉద్యోగుల తరఫున ట్రాన్స్‌పోర్ట్ కమిటీలో వేశారు. (నవ్వులు) అక్కడ కూర్చుంటే తెలిసింది, వచ్చే మెయిల్స్ అన్నీ ఒకే మూసలో ఉంటాయి. "ఈ నిర్ణయం అనేకమంది ఉద్యోగుల భద్రతపై ప్రభావం చూపుతుంది." ఎవరు ఆ అనేకమంది? రాసినవాడొక్కడే! తన సంగతి చెప్పుకుంటే స్వార్థం అనుకుంటారని ఊరందరినీ వెనకేసుకొస్తాడు. కమిటీ వాళ్ళు "గమనించాం" అని కొట్టి ఇంకో మెయిల్ తెరుస్తారు. ఆ అమ్మాయి చేత నేనే రాయించా. మొదట ఆమె కూడా అనేకమంది అనే మొదలుపెట్టింది, తీసెయ్ తల్లీ అన్నాను, కుక్కల గురించి రాయి. అప్పుడు రాసింది. పికప్ 6.10, ఇంటి నుంచి మెయిన్ రోడ్డుకి 1.1 కిలోమీటర్లు, ఫుట్‌పాత్ లేదు, మూడో క్రాస్ దాకా లైట్లు లేవు, నిన్న లెక్కపెడితే పదకొండు కుక్కలు. పదకొండు అనే అంకె చూసి ఫెసిలిటీస్ హెడ్ నవ్వాడు, నవ్వి, మళ్ళీ చదివాడు. ఏడు లోపల పికప్ ఉన్న అందరికీ, మగాళ్ళకి కూడా, ఇంటి దగ్గరికే బండి అని మార్చారు. నా డేటాలో లేనిది ఆమె సొంత బాధలో ఉంది. సొంత బాధ చెప్పుకోవడం తప్పయితే ఆ 6.10 సంగతి కమిటీకి ఎప్పటికీ తెలిసేది కాదు.

అడగండమ్మా, మైకు ఇవ్వండి ఆమెకి.

(సభలోంచి: మరి వర్క్ ఫ్రమ్ ఆఫీస్ సంగతేంటండీ? వారానికి ఐదు రోజులు రమ్మంటున్నారు.)

ఆ, ఇది వస్తుందని తెలుసు. నా సంగతి ముందు చెప్తా. మా పిల్లలు పెద్దోళ్ళయ్యారు, నాకు ఇంట్లో కంటే ఆఫీసులోనే ప్రశాంతంగా ఉంటుంది, పైగా వైట్‌ఫీల్డ్ దాకా పర్పుల్ లైన్ మెట్రో వచ్చాక నాకు ట్రాఫిక్ బాధ కూడా తప్పింది. కాబట్టి నేను ఐదు రోజులు మంచిదే అంటే మీరు నమ్మకండి. కానీ మీకు సిల్క్ బోర్డ్ దగ్గర ట్రాఫిక్‌లో గంట పోతుందని తప్పు అంటే నేనూ అంతే నమ్ముతా. ఇద్దరం పక్కకి జరిగి ఇంకోటి చూద్దాం, వాళ్ళు చెప్పిన కారణం నిజమా? పక్కపక్కన కూర్చుంటే పని బాగా జరుగుతుంది అన్నారు. సరే, మీ టీమ్ ఎక్కడుంది?

(సభలోంచి: ఇద్దరు పుణె, ఒకరు నోయిడా.)

అంటే మీరు బెళ్ళందూరు దాకా వచ్చి హెడ్‌సెట్ పెట్టుకుని పుణెతో మాట్లాడుతున్నారు. అయితే వాళ్ళు చెప్పిన కారణం మీ టీమ్‌కి వర్తించదు, ఇది మీ ట్రాఫిక్‌తో సంబంధం లేకుండా చెప్పొచ్చు, మా ఆవిడకి పీడీఎఫ్ ఇచ్చినా ఇదే అంటుంది. అదే నలుగురూ ఒకే ఫ్లోర్‌లో ఉంటే నేను మీ మాట ఒప్పుకోను, మీ గంట పోయినందుకు బాధపడతా, అంతవరకే. 2023 ఆగస్టులో జూమ్ వాళ్ళే ఆఫీసుకి ఎనభై కిలోమీటర్ల లోపల ఉన్నవాళ్ళు వారానికి రెండు రోజులు రండి అన్నారు, వీడియో కాల్ అమ్ముకునేవాళ్ళే! అది విని అందరం నవ్వుకున్నాం, కానీ నవ్వితే అయిపోదు కదా, వాళ్ళు చెప్పిన కారణం వాళ్ళ టీముల్లో నిజమో కాదో చూడాల్సిందే.

టైమ్ అయిపోయిందంట, సైగ చేస్తున్నారు. ఒక్కటి చెప్పి దిగిపోతా. పోయిన శుక్రవారం మా ఆఫీసులో పార్కింగ్ పాలసీ మార్చారు. ఇదివరకు ముందు వచ్చినవాడికి ముందు స్లాట్. ఇప్పుడు గ్రేడ్ ప్రకారం. కంట్రోల్ ఎఫ్ కొట్టా, అలవాటు పోలేదు, నా గ్రేడ్‌కి బేస్‌మెంట్ వన్‌లో లిఫ్ట్ పక్కన వచ్చింది. టూ వీలర్ల స్లాట్లు సగం తగ్గించారు, ఆ కుర్రాళ్ళు సర్వీస్ రోడ్డు మీద పెట్టుకోవాల, పోలీసులు ఎత్తుకుపోతే స్టేషన్‌కి పోయి ఫైను కట్టి తెచ్చుకోవాల. మెయిల్ కింద అభిప్రాయం చెప్పండి అని ఉంది. "చాలా మంచి నిర్ణయం" అని టైప్ చేసి, చెరిపేశా. రేపు పొద్దున నా కారు ఆ స్లాట్‌లోనే పెడతా, పెట్టనని చెప్పేంత త్యాగం నా దగ్గర లేదు. మెయిల్ మాత్రం మళ్ళీ మొదలుపెట్టా. "ఈ పాలసీ వల్ల నాకు లిఫ్ట్ పక్కన స్లాట్ వచ్చింది" అని మొదటి లైన్ రాశా. రెండో లైన్ దగ్గర రెండు రోజుల్నించి ఆగి ఉంది, డ్రాఫ్ట్స్‌లో.